అరవై రెండు మార్కుల గుండె

కాస్త ఆగండి. ఏ పనిలో ఉన్నా సరే, దాన్ని పక్కన పెట్టి నేను చెప్పేది చివరిదాకా వినండి. నా దగ్గర నలభై నిమిషాలే ఉన్నాయి. సూపరింటెండెంట్ గారు భోజనానికి వెళ్ళారు. ఆయన పప్పు, కూర, పులుసు దాటి పెరుగన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు నేనొక నిర్ణయం తీసుకోవాలి. నా కుడి చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఎడమ చేత్తో ఫోన్‌లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మంగళవారం పొద్దున్న మా ఆయన శశిధర్ టిఫిన్ సెంటర్ ముందు పడిపోయాడు. మాకు పెళ్ళై ఏడు నెలలైంది. ముందు రోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి ఏమీ తినకుండా పడుకున్నాడు, పొద్దున్న లేస్తూనే నెయ్యి కారం ఇడ్లీ కావాలన్నాడు. విజయవాడ ఎండ సంగతి మీకు తెలుసు, ఎనిమిదింటికే నెత్తి మాడిపోతుంది. టోకెన్ డెబ్భై ఒకటి చేతిలో పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాం. అరవై ఎనిమిది పిలిచారు. శశిధర్ నా భుజం పట్టుకుని, "కౌముదీ, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి" అన్నాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నేను పట్టుకునేలోపే కూలిపోయాడు.

నిమిషం తిరగకుండా కళ్ళు తెరిచాడు. తెరిచి అడిగిన మొదటి మాట, "మన టోకెన్ పిలిచారా" అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కాసేపట్లో నేను ముప్పై ఏళ్ళ భవిష్యత్తు ఒంటరిగా బతికేశాను. ఆ క్షణం నుంచి ఇప్పటిదాకా నాకు కావాల్సింది ఒక్క మాటే: అతని గుండె బాగుందా, లేదా.

ఆటో ఎక్కించి దగ్గర్లో ఉన్న గుండె ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. మూడేళ్ళ క్రితం వరకూ అది ఇంటర్ కాలేజీ. పిల్లలు చేరడం తగ్గేసరికి చైర్మన్ గారు ఒక వేసవి సెలవుల్లో దాన్ని హాస్పిటల్ చేసేశారు. మంచాలు హాస్టల్‌వే, కిటికీ ఊచలు హాస్టల్‌వే, సాంబారు కూడా హాస్టల్‌దే. డాక్టర్లని కొత్తగా పెట్టుకున్నారు, మిగతా అందరూ పాతవాళ్ళే. ప్రిన్సిపాల్ ధర్మలింగం గారు సూపరింటెండెంట్ అయ్యారు. వార్డెన్ గారు వార్డు ఇన్‌చార్జి అయ్యారు, ఆయన గది మీద బోర్డు రాసినవాడికి పెద్ద శ్రమ కూడా కలగలేదు.

లోపలికి వెళ్ళగానే గోడ మీద పెద్ద అక్షరాలు: "సులభ ఫలితాల విధానం. మా ప్రతి రిపోర్టూ మార్కుల్లోనే." ఇదేమిటని రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే ఓపిగ్గా చెప్పింది. ఇదివరకు రిపోర్టు చేతిలో పెడితే ప్రతి ఇంటివాళ్ళూ "అంటే ఏంటండీ" అని అడిగేవారట, డాక్టర్ల సగం రోజు దానికే పోయేదట. చైర్మన్ గారు బాగా ఆలోచించి, మనవాళ్ళకి గుండె ఎడమవైపు ఉంటుందో కుడివైపు ఉంటుందో తెలియకపోవచ్చు గానీ మార్కులు తెలియని ఇల్లు మాత్రం లేదని కనిపెట్టారట. నిజం చెప్పాలంటే నాకు ఆ ఐడియా తెగ నచ్చేసింది. అంత కంగారులోనూ ఆ గోడని ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. పదకొండు మంది లైక్ కొట్టారు.

ఈసీజీ తీశారు, గుండె స్కానింగ్ తీశారు. గంటలో మార్కుల మెమో ఇచ్చారు. హాల్ టికెట్ నంబరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు. కింద: ఈసీజీ, ఉత్తీర్ణుడు. గుండె పంపింగ్, 62.

అప్పుడే మా మామయ్యగారు వచ్చారు. పేరు వేదాద్రిరావు గారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి, ప్రతి ఎండాకాలం పేపర్లు దిద్ది రిటైరైన మనిషి. ఇప్పటికీ జేబులో ఎర్ర పెన్ను లేకుండా గుమ్మం దాటరు. తన చేతి మీదుగా ఎవరికీ ఒక్క మార్కు ఊరికే రాలేదని ఆయనకి గొప్ప. మెమో తీసుకున్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. కొడుకు మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"ఇంటర్ లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాడివి. గుండెలో అరవై రెండేంట్రా."

"నేనేం రాయలేదు నాన్నా. పడుకున్నానంతే," అన్నాడు శశిధర్.

"అదే నేనూ అంటున్నది."

వార్డు ఇన్‌చార్జి గారు మమ్మల్ని కూర్చోబెట్టి రూల్సు చెప్పారు. డెబ్భై ఐదు దాటితే డిస్టింక్షన్, అదే రోజు డిశ్చార్జి. ముప్పై ఐదు నుంచి డెబ్భై ఐదు లోపైతే ఇంప్రూవ్‌మెంట్ బ్యాచ్, ఇక్కడే ఉండాలి. ముప్పై ఐదు కన్నా తగ్గితే ఫెయిల్. ఇంటివాళ్ళని కలవడం రోజూ గంట, ఔటింగ్ ఆదివారం. పక్క మంచం మీరావలి గారికి అరవై ఎనిమిది వచ్చింది. ఆయన భార్య మాకు బూందీ పెట్టి, "మీ ఆయనకేమమ్మా, చిన్న వయసు, మళ్ళీ రాసుకోవచ్చు" అని ఓదార్చింది. ఆరు మార్కుల తేడాతో ఆ ఓదార్పులో కాస్త గర్వం కూడా ఉంది. నేను గమనించలేదనుకుంది.

నేను చదువుకున్నదాన్ని కదండీ. వరండాలోకి వెళ్ళి నెట్‌లో వెతికాను. యాభై ఐదు నుంచి డెబ్భై దాకా అంతా మామూలే అని ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చి ఇన్‌చార్జి గారికి ఫోన్ చూపించాను. ఆయన చూడను కూడా చూడలేదు. బయట చాలా ఆన్సర్ కీలు తిరుగుతుంటాయని, అఫీషియల్ కీ వచ్చేదాకా ఏదీ నమ్మొద్దని చెప్పి పంపించేశారు.

సరే, డాక్టర్‌నే అడుగుదామనుకున్నాను. డాక్టర్లు ఇంటివాళ్ళతో మాట్లాడేది రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్‌లోనేనట. నేను ఆగలేదు. డాక్టర్ నస్రీన్ గారు మెట్ల మీద ఒంటరిగా దొరికారు. అటూ ఇటూ చూసి, చెయ్యి పట్టుకుని మెట్ల మలుపులోకి తీసుకెళ్ళారు.

"గుండె నిండినప్పుడు అందులో ఉన్న రక్తం మొత్తం ఒకేసారి బయటికి పోదమ్మా. కొట్టుకున్న ప్రతిసారీ నూటికి అరవై వంతులో, అరవై ఐదో పోతుంది, మిగతాది లోపలే ఉంటుంది. అందరికీ అంతే. నూటికి నూరు ఎవరికీ రావు. మీ ఆయన గుండె శుభ్రంగా పనిచేస్తోంది."

మరి ఆ మాటే కాగితం మీద రాయొచ్చు కదా అన్నాను.

"కంప్యూటర్‌లో 'బాగుంది' అనే గడి లేదు. డిస్టింక్షన్, ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, ఫెయిల్, అంతే. ఏదీ నొక్కకుండా వదిలేస్తే ఆబ్సెంట్ అని వస్తుంది. పోయిన వారం ఒక పెద్దాయనకి గుండె ఆబ్సెంట్ అని మెమో వెళ్ళింది. ఆయనే నడుచుకుంటూ వచ్చి అడిగారు."

అయితే ఎందుకు పడిపోయాడో కూడా తేలాలి కదా అని, నాతో వార్డుకి వచ్చి శశిధర్ ఛాతీకి తీగలతో చిన్న పెట్టె ఒకటి కట్టారావిడ. పగలూ రేయీ పల్స్ ఎలా ఉందో అది రాసుకుంటూ పోతుందట. దాన్ని తడపొద్దు, పీకొద్దు అని చెప్పి వెళ్ళిపోయారు.

నేను నేరుగా సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళాను. ధర్మలింగం గారు నన్ను కూర్చోమని, తాను లేచి నిలబడి మాట్లాడారు. ఆయనకి ఎదురుగా ఒక్కరున్నా అది సభే.

"చూడమ్మా. ఆవిర్భావం నాటి నుంచీ ఈ సంస్థ సగటుతనంపై రాజీలేని పోరాటం సాగిస్తోంది. అరవై రెండు చాలునని మేం ఒక గుండెకి చెబితే, తక్కిన గుండెలకి ఎటువంటి సందేశం వెళుతుంది?"

వందకి వంద వస్తే గుండెలో చుక్క కూడా మిగలదట సార్ అన్నాను.

"ఆ స్ఫూర్తే కావాలి. తన కోసం చుక్క కూడా మిగుల్చుకోకుండా శ్రమించడమే మా ఆదర్శం."

అలా శశిధర్ ఇంప్రూవ్‌మెంట్ బ్యాచ్‌లో పడ్డాడు. పొద్దున్నే అయిదింటికి గంట. మూడు గంటలకోసారి స్లిప్ టెస్టు, అంటే నర్సమ్మ వచ్చి పల్సు, బీపీ, షుగరు చూసి వెళుతుంది. ఫలితాలు వరండాలో ర్యాంకుల బోర్డు మీద రాస్తారు. సూత్రం ఒక్కటే, ఏ సబ్జెక్టులోనైనా ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. మొదటి రోజు శశిధర్ పల్సు డెబ్భై రెండు. బోర్డు మీద తన పేరు చిట్టచివర చూసుకుని కంగారుపడ్డాడు, పల్సు నూట పద్దెనిమిదికి పోయింది. బోర్డు మీద "నలభై ఆరు మార్కుల అద్భుత ప్రగతి" అని రాసి చప్పట్లు కొట్టించారు. మామయ్యగారు కూడా కొట్టారు. కొట్టి, కొడుక్కి టైమ్‌టేబుల్ వేసిచ్చారు.

షుగర్‌లో టాపర్ మూలమంచం బసవయ్యగారు. నాలుగు వందల పన్నెండు. ఆయనకి పూలదండ వేసి ఫొటో తీశారు. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆటోలో మైకు పెట్టి "నాలుగు వందల పన్నెండు, నాలుగు వందల పన్నెండు, నాలుగు వందల పన్నెండు" అని బందరు రోడ్డంతా తిప్పారు. సన్మానంలో లడ్డూ తినిపించారు. తర్వాతి స్లిప్ టెస్టులో ఆయన తన రికార్డు తానే బద్దలుకొట్టుకున్నారు. పెద్దాయన నీరసంగా దండలో తల వాల్చేస్తుంటే, నస్రీన్ గారు తెరలాగి గబగబా ఇన్సులిన్ ఇచ్చారు. సాయంత్రానికి నూట అరవైకి దిగింది, ఆయన లేచి కూర్చుని పేపరు చదువుకున్నారు. నస్రీన్ గారికి మెమో వచ్చింది. "గ్రామీణ ప్రతిభను ఉద్దేశపూర్వకంగా అణచివేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని అందులో ఉంది.

ఆ ఫ్లెక్సీ ముందు మామయ్యగారు చాలాసేపు నిలబడిపోయారు. కాఫీ తెచ్చిచ్చాను, తాగలేదు.

"నాలుగు వందల పన్నెండు," అన్నారు మెల్లగా. "ఎన్నిటికమ్మా?"

నాకు తెలియదన్నాను. ఆయన వెళ్ళి ధర్మలింగం గారినే అడిగారు. అడిగినవాడు లెక్కల మాస్టారు కాబట్టి సూపరింటెండెంట్ గారు గౌరవంగానే సమాధానం చెప్పారట, ప్రతిభకి గరిష్ఠం ఉండదు మాస్టారూ అని. మామయ్యగారు తిరిగొచ్చి కొడుక్కి తానే వేసిచ్చిన టైమ్‌టేబుల్ గోడ మీంచి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

ఇక ఈ రోజు పొద్దున్న జరిగింది వినండి. ఇంప్రూవ్‌మెంట్ బ్యాచ్ ఫైనల్. అందరూ పరగడుపున గ్రౌండ్‌లో వరసల్లో నిలబడాలి. ప్రార్థన అయింది, ప్రతిజ్ఞ అయింది. తర్వాత చైర్మన్ గారి సందేశం, చదివింది ధర్మలింగం గారు. "గుండెలారా" అని మొదలుపెట్టారు. ఎండ ఎక్కుతోంది, సందేశం మూడో పేజీకి వచ్చింది. మీరావలి గారు కాలు మార్చి కాలు నిలబడుతున్నారు. నేను కంచె బయటినుంచి శశిధర్ మొహమే చూస్తున్నాను. టిఫిన్ సెంటర్ దగ్గర చూసిన ఆ సున్నం రంగు మళ్ళీ కనిపించింది.

నేను కంచె దాటేలోపే మామయ్యగారు వరసల మధ్యలోంచి దూసుకుపోయారు. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. కొడుకు తల నేలకి తగలకుండా పట్టుకుని పడుకోబెట్టి, రెండు కాళ్ళూ ఎత్తి తన భుజం మీద పెట్టుకుని కూర్చున్నారు. శశిధర్ కళ్ళు తెరిచాడు.

"ర్యాంకు చెప్పారా నాన్నా," అన్నాడు.

మామయ్యగారు ఉత్తరీయంతో కొడుకు మొహానికి గాలి విసురుతూ ఉండిపోయారు.

నస్రీన్ గారు ఛాతీ మీది పెట్టె విప్పి కంప్యూటర్‌కి తగిలించారు. ఈసారి మెట్ల మలుపులోకి రమ్మనలేదు, అందరి ముందే గట్టిగా చెప్పారు. నిలబడిన ఇరవై ఎనిమిదో నిమిషంలో పల్సు ఒక్కసారిగా పడిపోయిందట, కొన్ని సెకన్లు ముప్పై నాలుగుకి దిగి, పడుకోబెట్టగానే మళ్ళీ లేచిందట. పెట్టెలో మిగతా అంతా శుభ్రంగా ఉందట.

"ఇది గుండె జబ్బు కాదు. ఖాళీ కడుపుతో ఎండలో కదలకుండా నిలబడితే కొంతమందికి ఇలా అవుతుంది. నీళ్ళు బాగా తాగాలి, టిఫిన్ మానకూడదు. కళ్ళు తిరుగుతున్నట్టుంటే సిగ్గుపడకుండా ఎక్కడున్నా అక్కడే కూర్చోవాలి, పడుకోవాలి. పరిగెడుతున్నప్పుడు పడిపోయినా, ముందు ఏమీ తెలియకుండా దభీమని పడిపోయినా మాత్రం వెంటనే రావాలి. ఇప్పటికైతే పర్వాలేదు."

పర్వాలేదు. మూడు రోజులుగా నేను ఊరంతా వెతుకుతున్న మాట అది. మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. మీరావలి గారి భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి ఓదార్పులో మార్కుల తేడా ఏమీ లేదు. నాలుగు ఇడ్లీలు తినిపించాక నస్రీన్ గారు శశిధర్ చెయ్యి పట్టుకుని గడియారం చూసి పల్సు లెక్కపెట్టారు. ఎనభై నాలుగు.

అక్కడితో కథ అయిపోయి ఉంటే నేను ఈపాటికి ఇంట్లో చారు కాస్తూ ఉండేదాన్ని.

ధర్మలింగం గారు మమ్మల్ని గదికి పిలిచి రిజిస్టర్ తెరిచారు. ఫైనల్ పరీక్షలో పెట్టె చూపించిన అతి తక్కువ అంకే ఫైనల్ మార్కు. ఎర్ర సిరాతో వేశారు: 34. "ఒక్క మార్కులో పోయింది," అని నిజంగానే బాధపడ్డారు. ఆ వరసలో మొదటి గడి సబ్జెక్టు, అందులో ఎప్పుడో అచ్చువేసి ఉంది, హార్ట్ అని. చివరి గడి ఫలితం. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిల్ అని పెన్సిల్‌తో రాశారు, సంతకం పెట్టేటప్పుడు అంకె చూసి సిరాతో దిద్దుతారట. రెండూ కలిపి చదివితే ఏమవుతుందో ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది.

ఇంటికి తీసుకెళతామన్నాను. భేషుగ్గా తీసుకెళ్ళండి, టీసీ ఇస్తామన్నారు. టీసీ మీద ఏముంటుందంటే రిజిస్టర్‌లో ఏముంటే అదే. రేపు ఇంకో ఆసుపత్రికి వెళ్ళినా, శశిధర్ ఆఫీసులో అడిగినా, చూపించాల్సింది ఆ కాగితమే. హార్ట్ ఫెయిల్. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి. అదొద్దంటే సప్లిమెంటరీ ఉంది, శుక్రవారం పొద్దున్న. ఎలా ఉంటుంది సార్ అన్నాను. పరగడుపున, గ్రౌండ్‌లో, గంటసేపు నిలబడాలన్నారు. అది పరీక్షా, పడిపోయే పద్ధతా సార్ అన్నాను. డాక్టర్ గారు ఇందాకే లెక్కపెట్టారు, ఎనభై నాలుగు ఉంది, అది వేసుకోండి అని బతిమాలాను.

"పరీక్షా సమయం ముగిసిన పిమ్మట రాసిన జవాబు, అది ఎంత సరైనదైనా, చెల్లదమ్మా," అన్నారాయన. అని గడియారం చూసుకుని, భోజనం చేసొచ్చి సంతకం పెడతానని, రిజిస్టర్ తెరిచి ఉండగానే వెళ్ళిపోయారు.

గదిలో ముగ్గురమే మిగిలాం. శశిధర్ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. మామయ్యగారు రిజిస్టర్ మీదికి వంగి ఆ అంకెని చాలాసేపు చూశారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

"ముప్పై నాలుగు వచ్చినవాళ్ళు నా చేతిలో ఎంతమంది పోయారో లెక్క లేదమ్మా. ఒక్కడికీ ఒక్క మార్కు కలపలేదు. ఎన్నిటికి అని చూసేవాణ్ణి. ఎవరికి అని ఎప్పుడూ చూడలేదు."

పెన్ను మూత తీసి, మూడు అంకె దగ్గర పెట్టారు. నేను అప్పుడు చూశాను. మూడుకి ఎడమవైపు రెండు చిన్న వంపులు కలిపితే ఎనిమిది. 34 కాస్తా 84. పక్కన పెన్సిల్ మాట వేలితో తుడిస్తే పోతుంది. డిస్టింక్షన్. అదే రోజు డిశ్చార్జి. పైగా అబద్ధం కూడా కాదు, శశిధర్ చెయ్యి పట్టుకుని నేనే మళ్ళీ లెక్కపెట్టాను, ఎనభై మూడో, ఎనభై నాలుగో.

కానీ ముప్పై ఒక్క ఏళ్ళు దిద్దిన చెయ్యి కదల్లేదు. పెన్ను కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది, అంతే. మామయ్యగారు నా వైపు తిరిగి పెన్ను నా చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డారు. చూడకపోవడం ఆయన చెయ్యగలిగిన సాయం.

శశిధర్ మాత్రం, "నిలబడి ఆలోచించకు కౌముదీ, కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను. రిజిస్టర్ ముందుంది. నా సిరా, ఆ సిరా ఒకటే రంగు. ఫెయిలైన గుండెతో ఇంటికి వెళ్ళొచ్చు, శుక్రవారం మళ్ళీ ఎండలో నిలబెట్టొచ్చు, లేదా రెండు వంపులు తిప్పొచ్చు. వరండా చివర కుళాయి ఆగిన చప్పుడైంది. ధర్మలింగం గారు చెయ్యి కడుక్కోవడం అయిపోయింది, చెప్పుల చప్పుడు ఇటే వస్తోంది.

మీరైతే ఏం చేస్తారు?